బయటిది

బెల్లం చచ్చిపోయిన పొద్దున విమలమ్మ ఏడవడానికి ముందు అంజవ్వను తిట్టింది.

బెల్లం ఏడు నెలల పిల్లి. రంగును బట్టి ఆ పేరు. సిద్దిపేట పాత బస్టాండు వెనక గల్లీలో కాశీనాథానికి కిరాణా దుకాణం, దాని వెనక గోదాము, గోదాము వెనక ఇల్లు. భార్య విమలమ్మ ఏ పిల్లిని తెచ్చి సాకినా పేరు పెట్టే హక్కు మాత్రం తనదేనని ఆయన పట్టు. దుకాణం నిండా పేర్లుండగా వేరే చోట వెతకడం దండగ అంటాడు. అట్లా జీలకర్ర, మెంతి, పసుపు, ఇంగువ, బెల్లం వచ్చాయి. గోదాములో ఎలుకలు పట్టే నల్ల పోతుపిల్లి మిరియం. అన్నిటికంటే ముందు వచ్చిన ముసలిది ఒక్కటే సరుకుల్లో చేరలేదు. దాన్ని అందరూ పెద్దమ్మ అంటారు.

ఆ చుట్టుపక్కల ఎవరికి పిల్లికూన దొరికినా విమలమ్మ అరుగు మీదికే చేరేది. సంచిలో కట్టి చెత్తలో పారేసినవి, బస్సు చక్రం కింద పడబోయి తప్పించుకున్నవి, తల్లి వదిలేసినవి. తెచ్చినవాళ్లను ఆమె నాలుగు మాటలనేది. నా ఇల్లేమన్నా ధర్మసత్రమా అని విసుక్కునేది. వాళ్లు అటు పోగానే తలుపు దగ్గరికి వేసి పాలు వెచ్చపెట్టేది.

కొత్తదాన్ని ఇంట్లో కలపడానికి ఆమెకో పద్ధతి ఉంది. ఉల్లిగడ్డలు పోసే పెద్ద వెదురుగంపను బోర్లించి, దాని కింద కూననూ పెద్దమ్మనూ కలిపి మూడు రోజులు ఉంచుతుంది. ఒకటే గోనెపట్టా, ఒకటే పళ్లెం. పెద్దమ్మ ఆ కూనను చెవుల నుంచి తోక దాకా నాకి నాకి తన వాసన పట్టిస్తుంది. మూడో రోజు గంప ఎత్తితే మిగతావేవీ దాన్ని పరాయిదని బుస కొట్టవు. కొట్లాట ఉండదు, గీరుకోవడం ఉండదు. ఈ ఉపాయం ఎవరికైనా చెప్పేటప్పుడు విమలమ్మకు గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని ఆమె దాచుకునేది కూడా కాదు.

అంజవ్వ తెచ్చిన పిల్లి మాత్రం గంప కిందికి పోలేదు. అంజవ్వ మున్సిపాలిటీలో ఊడుస్తుంది. నెలన్నర కింద మటన్ మార్కెట్టు పక్క మోరీలో, మూతి బిగించిన సంచి కదులుతుంటే విప్పి చూసి, అందులోని కూనను తుడిచి తీసుకొచ్చి ఇచ్చింది. తెల్లటిది, ఒక చెవి నలుపు. విమలమ్మ వద్దనలేదు. అయితే మోరీ కంపు కొట్టేదాన్ని పెద్దమ్మ పక్కన పడుకోబెట్టడానికి మనసొప్పలేదు. పెరట్లో కట్టెల కొట్టంలో ఉంచి, తినడానికి ఒక కొబ్బరిచిప్ప పెట్టింది. కంపు పోయాక లోపలికి తెద్దామనుకుంది. కంపు రెండు రోజులకే పోయింది. లోపలికి తేవడం మాత్రం ఇవాళా రేపూ అంటూ జరగలేదు. కాశీనాథం పేరు పెట్టబోతే, ఉంటుందో పోతుందో తెలియనిదానికి పేరెందుకని ఆపింది.

అది వచ్చిన ఇరవై రోజులకు ఇంగువ తిండి మానేసింది, ఎముకలు తేలి పోయింది. ఇప్పుడు బెల్లం. పొద్దున్నే పాలపళ్లెం తీసుకుని వెళ్లేసరికి కట్టె అయిపోయి ఉంది. విమలమ్మ దాన్ని పాత తువ్వాలలో చుట్టి అరుగు మీద పెట్టుకుని కూచుంది. అదే సమయానికి అంజవ్వ ఊడ్చుకుంటూ ఇంటి ముందుకు వచ్చింది.

"ఆగు," అంది విమలమ్మ. "నీ పిల్లి వచ్చినంక రెండు పోయినయ్ నాయి. ఏ మోరీలకెల్లి తెచ్చినవో గాని ఆ మోరీ రోగం తెచ్చి నా ఇంట్ల పెట్టినవ్."

అంజవ్వ చీపురు ఆపింది. యాభై దాటిన మనిషి, బక్కపల్చగా ఉంటుంది. తువ్వాలలోంచి బయటికి వచ్చిన తోకను చూసింది. సంచిలో కొట్టుకుంటుంటే పాణం ఆగక తెచ్చానని, మీరైతే సాకుతారని తెచ్చానని మెల్లగా చెప్పబోయింది. విమలమ్మ వినలేదు. శుభ్రం తెలియనివాళ్ల చేతి నుంచి తీసుకోవడం తన బుద్ధితక్కువ అంది. ఇకనుంచి తన అరుగు దగ్గరికి రావద్దంది. ఎదురింట్లో ముగ్గు వేస్తున్న స్వరాజ్యలక్ష్మి వంగినది వంగినట్టే ఉండి అంతా వింది. అటుపక్క ఇంటి ఇస్తారి పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. అంజవ్వ చీపురు ఎత్తింది. విమలమ్మ ఇంటి ముందు జాగ వదిలేసి, దాని తరవాత నుంచి ఊడ్చుకుంటూ పోయింది.

మాట గల్లీలో పడితే ఊరుకుంటుందా. సాయంత్రానికి స్వరాజ్యలక్ష్మి తన నీళ్ల డ్రమ్మును అంజవ్వకు అందకుండా లోపలికి జరుపుకుంది. ఇస్తారి పెళ్లాం, అంజవ్వను తమ నల్లా దగ్గర చేతులు కడుక్కోవద్దంది. మరో రెండు రోజులకు ఎవరో మున్సిపాలిటీ జవానుకు కూడా చెప్పారు, ఈమె చచ్చిన జంతువులను ముట్టుకుని అదే చేత్తో అన్నీ ముట్టుకుంటుందని. చచ్చిన జంతువులను ఎత్తడమే అంజవ్వ నౌకరీ అని జవానుకు తెలియదా? తెలుసు. అయినా ఆమెను పిలిచి నలుగురిలో మందలించాడు. ఇదంతా విమలమ్మకు తెలుస్తూనే ఉంది. అయ్యో అనుకోలేదు. తనవి రెండు పిల్లులు పోయాయి, దానిముందు ఇదెంత అనుకుంది.

బెల్లం పోయిన మూడో రోజు జీలకర్ర కూడా పాలు ముట్టలేదు. విమలమ్మ దాన్ని సంచిలో పెట్టుకుని పశువుల దవాఖానకు పోయింది. బర్రెలూ ఎడ్లూ కట్టేసిన ఆ వాకిట్లో పిల్లిని పట్టుకొచ్చే మనిషి ఆమె ఒక్కతే. డాక్టరు హరికిషన్ హైదరాబాదులో చదివి ఏడాది కింద బదిలీ మీద వచ్చినవాడు. జీలకర్ర పెదవి ఎత్తి చిగుళ్లు చూశాడు. ఎర్రగా ఉండాల్సినవి సున్నం వేసినట్టున్నాయి. దవడ కింద, తొడల సందున వేళ్లతో వెతికి, గడ్డలు తగిలిన చోట ఆగాడు. పోయిన రెండూ ఎట్లా పోయాయో అడిగాడు. 

అంతా విన్నాక, పిల్లులకు నెత్తురులో పడే రోగం ఒకటి ఉందని, లుకేమియా అంటారని, మనుషులకు రాదని, పిల్లి నుంచి పిల్లికి ఉమ్ములో అంటుతుందని చెప్పాడు. ఇదేనని ఇక్కడ తేల్చలేడు. హైదరాబాదులో తనతో చదివిన అతను బయటి దేశం నుంచి పరీక్ష సామాను తెప్పించుకున్నాడు. అక్కడికి పంపాలి. ఇంట్లో ఉన్న అన్నిటి నెత్తురూ కావాలి.

"బాగున్నయి గూడనా సారూ?"

"బాగున్నయే ముందు చూడాలె అమ్మా. గీ రోగం లోపట ఉన్నా కొన్ని ఏండ్లకేండ్లు మంచిగనే ఉంటయి. వాటికేం గాదు. పక్కవాటికి అంటిస్తయి."

విమలమ్మ ఆ మాట సరిగ్గా వినలేదు. ముందుగా పెరట్లోదాని నెత్తురు తీయాలని, రోగం తెచ్చింది అదేనని చెప్పింది.

ఆదివారం హరికిషన్ ఇంటికే వచ్చాడు. వెనక వరండాలో పని. ఒక్కో పిల్లినీ చక్కెర సంచిలో తల ఒక్కటే బయటికి ఉండేట్టు చుట్టి విమలమ్మ ఒడిలో పట్టుకుంటే, డాక్టరు ముందుకాలు బయటికి లాగి, వెంట్రుకలు కత్తిరించి, స్పిరిటు రాసి, నరం పట్టి సూది దించేవాడు. మెంతి గింజుకుంది. పసుపు డాక్టరు బొటనవేలు కొరికింది. మిరియాన్ని పట్టుకోవడానికి గోదాములో బస్తాల మీద అరగంట పాకాల్సి వచ్చింది. అది మనిషికే కాదు, తోటి పిల్లికి కూడా చిక్కే రకం కాదు. పెద్దమ్మ మాత్రం సూది లోపలుండగానే డాక్టరు మణికట్టు నాకింది. గుణమంటే ఇది, అంది విమలమ్మ.

కాశీనాథం పక్కన కూచుని చిన్న చీటీలు రాసి, ఒక్కో సీసాకు పురికొసతో కట్టాడు. పెద్దమ్మ. జీలకర్ర. మెంతి. పసుపు. మిరియం. అన్నీ వరసగా పెడితే డాక్టరు నవ్వి, ఇది పరీక్షకు పోయేటట్టు లేదు, కూరకు పోయేటట్టుంది అన్నాడు. ఆఖరున పెరట్లోదాని సీసా మిగిలింది. కాశీనాథం కలం పట్టుకుని భార్య వైపు చూశాడు. ఆమె ఏం చెప్పకపోయేసరికి 'బయటిది' అని రాసి ముడి వేశాడు. సోడా షాపు నుంచి తెచ్చిన ఐసుగడ్డ పగలగొట్టి చాయ ఫ్లాస్కులో నింపి, అందులో సీసాలు పెట్టి, డాక్టరే పోయి హైదరాబాదు బస్సు కండక్టరు చేతికిచ్చాడు.

గురువారం దాకా ఏ కబురూ లేదు. ఆ నాలుగు రోజులూ విమలమ్మ పెరట్లోదానికి తిండి పెట్టేటప్పుడు చిప్పను కట్టెతో ముందుకు నెట్టేది. అది కట్టెను కూడా ఆడుకోవడానికే అనుకుని కాలితో కొట్టేది. వెనక తలుపుకున్న జాలీ దగ్గరికి వచ్చి లోపలికి చూసి అరిచేది. లోపల పెద్దమ్మ ఒళ్లో జీలకర్ర పడుకుని ఉండేది, పెద్దమ్మ దాని నొసలు నాకుతూ ఉండేది. దాన్ని చూస్తే విమలమ్మకు ధైర్యంగా ఉండేది. రోగం వచ్చినదాన్ని వదలకుండా పట్టుకుని కూచుంది, మనుషులకు కూడా ఉండదు ఈ బుద్ధి అని భర్తతో అంది.

గురువారం మధ్యాహ్నం దవాఖానలో హరికిషన్ హైదరాబాదు నుంచి వచ్చిన ఉత్తరం విప్పి బల్ల మీద పెట్టాడు. నాలుగింటికి రోగం ఉంది. రెండింటికి లేదు. జీలకర్ర, మెంతి, పసుపు అని చదివితే విమలమ్మ తలాడించింది. నాలుగోది పెద్దమ్మ అన్నాడు. లేనివి మిరియం ఒకటి, బయటిది ఒకటి.

"చీటీలు తారుమారైనయి సారూ," అంది విమలమ్మ వెంటనే. "పెద్దమ్మ తొమ్మిదేండ్ల సంది మా ఇంట్ల ఉన్నది. ఒక్కనాడు తుమ్మలే. గా మోరీలదానిదే ఇది."

చీటీలు మారలేదని డాక్టరు చెప్పాడు. కాశీనాథం వేసిన ముడులు ముడులుగానే ఉన్నాయని పరీక్ష చేసినతను ఉత్తరంలో ప్రత్యేకంగా రాశాడు. ఆమె ఇంకా వాదించింది. అప్పుడు హరికిషన్ కాగితం పక్కన పెట్టి, ఇంట్లోకి కొత్త పిల్లి వస్తే ఏం చేస్తారని అడిగాడు. విమలమ్మ గంప సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఎప్పటిలాగే చెప్పింది, మూడు రోజులు కలిపి ఉంచుతానని, పెద్దమ్మ నాకి నాకి తన వాసన పట్టిస్తుందని, ఒకటే పళ్లెమని. పళ్లెం అన్న మాట దగ్గర ఆమె గొంతు తగ్గింది. డాక్టరు ఆమె వైపు చూడటం లేదు, కిటికీలోంచి బర్రెల వైపు చూస్తున్నాడు. నాకడం, ఒక పళ్లెంలో తినడం, ఈ రోగానికి ఇంతకంటే దగ్గరి తోవ లేదని అతను చెప్పకముందే ఆమెకు అర్థమైంది.

ఇంగువను గంప కింద పెట్టింది తను. బెల్లాన్ని పెట్టింది తను. జీలకర్ర అయితే మూడో రోజుకు కూడా బెదురు తీరలేదని ఇంకో రెండు రోజులు ఎక్కువ పెట్టింది.

"మిరియం గంప కిందికి పోలేదు," అంది విమలమ్మ. "అది ఎవలను దగ్గరికి రానియ్యదు."

"మరి బయటిది?"

విమలమ్మ ఆ మాట దాటేసింది. మందేమైనా ఉందా అని అడిగింది. లేదన్నాడు. జీలకర్ర ఎక్కువ రోజులు ఉండదు. మెంతి, పసుపు కొన్ని నెలలు ఉండొచ్చు, పెద్దమ్మ ఇంకా ఒకటి రెండేళ్లయినా ఉండొచ్చు. కొందరు సూదితో నిద్రపుచ్చుతారని, తను మాత్రం అది చేయమని చెప్పడం లేదని అన్నాడు. నాలుగింటినీ ఇంట్లోనే, బయటికి వదలకుండా, కడుపునిండా పెట్టి చూసుకోవాలి. వాటిని ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగకుండా వేరేదాన్ని ముట్టుకోవద్దు. మిరియాన్ని గోదాములోనే ఉంచి, ఇంటి వైపు తలుపు మూసేయాలి. బయటిదాన్ని వెంటనే వేరే ఇంటికి ఇచ్చేయాలి. ఇకమీద ఎంత దిక్కులేని కూనయినా సరే, ఆ ఇంట్లోకి కొత్త పిల్లి రాకూడదు.

ఆ ఆఖరి మాట ఆమెను అన్నిటికంటే ఎక్కువ కోసింది. తోవ పొడుగునా అదే చెవిలో మోగుతూ ఉంది. ఇంటికి వచ్చి పెద్దమ్మను చూస్తే, రోజూ లాగే తోక ఎత్తి కాళ్లకు రాసుకుంది. విమలమ్మకు దాని మీద కోపం రాలేదు. తన మీద వచ్చింది.

మర్నాటి నుంచి ఇల్లు వెతకడం. స్వరాజ్యలక్ష్మి ఎలుకల బాధకు రెండుసార్లు పిల్లి కావాలని అడిగి ఉంది. ఇప్పుడు అడిగితే, మీ పిల్లులకు క్యాన్సర్ అటగదా వదినా, మా ఇంట్లో పిల్లలు తిరుగుతారు అంది. ఇది మనుషులకు రాదని, ఈ పిల్లికి అసలు లేనే లేదని చెబితే, ఏమో వదినా అని లోపలికి పోయింది. బట్టల దుకాణం రాజమల్లయ్య మొదట సరేనన్నాడు, సాయంత్రం మనిషితో వద్దని చెప్పించాడు. కాశీనాథం దుకాణానికి వచ్చేవాళ్లు కూడా బియ్యం బస్తాల మీద పిల్లులు పడుకోవు కదా అని అడగడం మొదలుపెట్టారు. పడుకునే పిల్లికి ఏ రోగం లేదని ఆయన ఓపిగ్గా ప్రతివాళ్లకూ చెప్పాడు. రెండో రోజుకు ఓపిక అయిపోయింది.

శనివారం పొద్దున విమలమ్మ వంటింట్లో ఉండగా వెనక తలుపు దగ్గర చప్పుడు లేకపోవడం గమనించింది. ఆ వేళప్పుడు బయటిది అరుస్తూ ఉండాలి. పోయి చూస్తే జాలీకి అటు అది, ఇటు పెద్దమ్మ. జాలీ మూల తుప్పు పట్టి ఊడిన చోట పెద్దమ్మ మూతి బయటికి పెట్టింది. ఆ సందులోంచి దాని నల్ల చెవిని నాకడానికి నాలుక చాస్తోంది. ఇంకో వేలెడు దూరం ఉంది. అది కూడా కళ్లు మూసుకుని తల దగ్గరికి తెస్తోంది.

విమలమ్మ అరిచి, పెద్దమ్మను మెడ పట్టి ఇవతలికి లాగింది. తొమ్మిదేళ్లలో దాన్ని అట్లా పట్టుకోవడం అదే మొదలు. అది గీరలేదు. ఏం తప్పు చేశానన్నట్టు చూసి, గోడ పక్కకు పోయి కూచుంది. విమలమ్మ ఊడిన మూలకు అట్టముక్క పెట్టి మేకులు కొట్టింది. కొడుతూ ఏడ్చింది. ఇంకో పూట ఆగితే ఇదీ పోతుందని ఆమెకు తెలిసిపోయింది. అడగడానికి ఇక ఒక్కతే మిగిలిందని కూడా తెలుసు. నిన్నటి నుంచీ తెలుసు.

ఆ మధ్యాహ్నం, గల్లీ అంతా భోజనాలు చేసి పడుకున్న వేళ చూసుకుని, మున్సిపాలిటీ వాళ్ల ఇండ్ల వైపు నడిచింది. పిల్లిని తీసుకుపోలేదు. ముందు అడుగుదామనుకుంది. అంజవ్వ ఇంటి ముందు నీడలో కూచుని కొత్త చీపురు కట్టుకుంటోంది. ఈనెలను గుప్పిటపట్టి మొదలును బండ మీద కొట్టి సమం చేసి, సైకిలు ట్యూబు ముక్కను పళ్లతో పట్టి లాగి చుడుతోంది. విమలమ్మను చూసి లేవబోయి, మళ్లీ కూచుంది. లేస్తే ట్యూబు వదులవుతుంది.

విమలమ్మ నిలబడే చెప్పింది. రోగం నీ పిల్లిది కాదు, నా ఇంట్లోదే అంది. నెత్తురు పరీక్ష చేయించిన సంగతి చెప్పింది. నీ పిల్లికి ఏమీ లేదు, తీసుకుపో, లేకపోతే మావాటి వల్ల అది కూడా చస్తుంది అంది. నిన్ను అట్లా అనాల్సింది కాదు అని కూడా అంది. ఇది చెప్పేటప్పుడు ఇటూ అటూ చూసింది.

అంజవ్వ ట్యూబు చుట్టడం పూర్తి చేసి, కొసను లోపలికి దోపి, చీపురును అరచేతిలో కొట్టి చూసుకుంది.

"మాట గల్లీల అన్నరు అమ్మా," అంది. "గీడికొచ్చి చెప్తె ఎవలింటరు? నేనొక్కదాన్నే ఇంట. నాకు ఎర్కనే గదా నేను తేలేదని."

అంజవ్వ చీపురును పక్కన పెట్టింది.

"జవాను నలుగుట్ల నిలబెట్టి అడిగిండు నన్ను. నల్లా కాడ చెయ్యి కడగనిస్తలేరు. రేపు పొద్దుగాల ఊడ్వనీకొస్త. గాడ చెప్పున్రి. పిల్లిని తీస్కపోత."

ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. విమలమ్మ సరేనని వచ్చేసింది. ఇంటికి వచ్చాక కాశీనాథానికి చెప్పింది. గల్లీలో నిలబడి రోగం మా ఇంట్లోనే అని చెబితే దుకాణానికి వచ్చే నలుగురూ రారేమో అంది. ఆయన గడ్డం గోక్కున్నాడు. తిట్టింది కూడా గల్లీలో నిలబడే కదా అని మాత్రం అన్నాడు.

ఆదివారం పొద్దున విమలమ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చేతులు మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. పెరటి దారిన పోయి బయటిదాన్ని మూతబుట్టలో పెట్టి, సందులోంచి చుట్టూ తిరిగి గల్లీలోకి వచ్చింది. అంజవ్వ గల్లీ మొదట్లో ఉంది. స్వరాజ్యలక్ష్మి ముగ్గు వేస్తోంది. ఇస్తారి, పెళ్లాం ఇద్దరూ నల్లా దగ్గర బిందెలతో ఉన్నారు. రాజమల్లయ్య దుకాణం తాళం తీస్తున్నాడు. అంజవ్వ ఊడ్చుకుంటూ దగ్గరికి వచ్చేదాకా విమలమ్మ అరుగు ముందు నిలబడి ఉంది.  లోపలికి పోయి తలుపు వేసుకుంటే ఎవరూ ఏమీ అడగరు కదా అని ఒక్క క్షణం అనిపించింది.

"అందరు జర ఇనున్రి," అంది. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "మొన్న అంజవ్వను నేను ఊకెనే తిట్టిన. రోగం అంజవ్వ తేలే. మా పెద్దమ్మకే ఉన్నది. దాని కాడ పండుకోవెట్టి అన్నిటికి నేనే అంటిచ్చిన. ఇంగువ, బెల్లం నా చేతులనే పోయినయ్. అంజవ్వ తెచ్చినదానికి ఏం లేదు, డాక్టరు కాగితం ఉన్నది. ఇగ ఎవలు గూడ నా ఇంటికి పిల్లులను తేకున్రి. తెస్తె చస్తయి."

నల్లా నీళ్లు బిందె నిండి పొర్లాయి. ఇస్తారి పెళ్లాం బిందె జరపలేదు. స్వరాజ్యలక్ష్మి ముగ్గు డబ్బా పట్టుకుని లేచి నిలబడింది. ఆమె దెప్పాలని అడగలేదు, నిజంగానే తెలియక అడిగింది.

"ఇంట్ల అన్నిటికి అంటిందంటివి. మరి గీ ఒక్కదానికి ఎందుకు అంటలేదు వదినా?"

విమలమ్మ బుట్ట వైపు చూసింది. ఈ ప్రశ్న వస్తుందని ఆమె రాత్రంతా ఎదురుచూసింది, రాకపోతే బాగుండుననుకుంది. అంజవ్వ చీపురు ఆపి ఆమెనే చూస్తోంది.

"ఇంట్లకు రానియ్యలే," అంది. "అంజవ్వ చేతిది అని, మోరీలది అని బయటనే ఉంచిన. వేరే చిప్పల పెట్టిన. పెద్దమ్మ కాడికి పోనియ్యలే. గందుకే బతికింది."

 ఇస్తారి పెళ్లాం వంగి నల్లా కట్టేసింది. రాజమల్లయ్య తాళం చేతిలో పట్టుకుని, తనకు సంబంధం లేనట్టు దుకాణం పలకలు తీయడంలో పడ్డాడు.

అంజవ్వ చీపురును గోడకు ఆనించింది. విమలమ్మ బుట్టతో రెండడుగులు ముందుకు వేసింది.

"ఆగున్రి అమ్మా," అంది అంజవ్వ. "మా ఇంట్ల బాలింత పిల్లి ఉన్నది. మూడు కూనలున్నయి. బుట్ట గాడ పెట్టి మీరు జర దూరం జరుగున్రి."

చేతులు కడుక్కున్నానని, చీర మార్చుకున్నానని విమలమ్మ చెప్పబోయింది. చెప్పలేదు. ఊడ్చిన జాగలో బుట్ట కింద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగింది. ఇంకొంచెం అన్నట్టు అంజవ్వ చూస్తే ఇంకో రెండడుగులు జరిగి, తన ఇంటి అరుగుకు ఆనుకుని నిలబడింది. అంతమంది చూస్తుండగా అట్లా నిలబడటం ఆమెకు యాభై ఏళ్లలో ఎప్పుడూ లేదు. 

అప్పుడు అంజవ్వ వచ్చి మూత తీసి, పిల్లిని రెండు చేతులా ఎత్తుకుంది. దాని నోరు తెరిచి చిగుళ్లు చూసింది, కడుపు తడిమింది. బాగానే పెంచారు అంది. బుట్టను మాత్రం ముట్టుకోలేదు. పిల్లిని చంకలో పెట్టుకుని, ఇంట్లో దించి వస్తానని ఎవరికీ కాకుండా చెప్పి, వచ్చిన దారినే పోయింది.

ఖాళీ బుట్ట గల్లీ మధ్యలో ఉంది. ఇస్తారి బిందె ఎత్తుకుని దాని పక్క నుంచి తప్పుకుని నడిచాడు. విమలమ్మ అంజవ్వ మలుపు తిరిగేదాకా ఆగి, ముందుకు పోయి బుట్ట తీసుకుంది.